పొగ పట్టిన ఇసుక

విత్తన పరీక్షశాలలో ఉద్యోగం వచ్చిన పిల్లలు ఇద్దరు ఈ మధ్య మా ఇంటికి వచ్చారు. "మేడం, అక్కడ పని ఎట్లుంటది?" అని అడిగారు. టీ తాగించి పంపించాను గాని సరైన జవాబు చెప్పలేకపోయాను. గుమ్మంలో నిలబడి చెప్పగలిగే మాట కాదది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నాందేడ్‌లో పాతికేళ్లు ఆ పని చేశాను. ఎప్పుడు పర్మినెంట్ అయ్యానో, ఏ కుర్చీ నుంచి ఏ కుర్చీకి మారానో మీకు అక్కరలేదు. ఆ పాతికేళ్లలో నేను నిజంగా నేర్చుకున్నది ఒక్క తప్పు వల్ల. ఆ తప్పుకు మూల్యం చెల్లించింది నేను కాదు, నర్సవ్వ అనే ఆమె. ఆ సంగతే రాస్తాను.

లెక్కపెట్టడమే పని

మాది కర్ఖేలి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ. నాందేడ్‌లో బి.ఎస్సీ. పూర్తిచేసి, తొంభైల మొదట్లో ఆ పరీక్షశాలలో చేరాను. బోడి గుట్టల మీద, ఊరుమ్మడి మేత భూముల్లో గడ్డి విత్తనం చల్లి, కొట్టుకుపోతున్న మట్టిని నిలబెట్టే పథకం ఒకటి అప్పుడు నడుస్తుండేది. ఆ మేత భూమిని మా వైపు గైరాన్ అంటారు. ఊళ్ల నుంచి వచ్చే గడ్డి విత్తనం మొలుస్తుందా, మొలవదా చూసి చెప్పడం మా వంతు.

వినడానికి పెద్ద పనిలా ఉంటుంది. చేసేది మాత్రం లెక్కపెట్టడం. నూరు గింజలు లెక్కపెట్టి, తడి ఇసుక ఉన్న ట్రేలో వరసలుగా పెట్టి, మూత వేయాలి. రోజూ మూత తీసి మొలకలు లెక్కపెట్టాలి. రెండు వారాలు అదే పని. మెడ పట్టేస్తుంది, కళ్లు లాగుతాయి. విసుగు వచ్చినరోజు లెక్క తప్పుతుంది. తప్పినట్టు తెలిసినా మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టడానికి బద్ధకం వేస్తుంది. ఆ బద్ధకాన్ని జయించడమే సగం ఉద్యోగం.

నా మొదటి పై అధికారి ఇనాందార్ సాబ్. సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉండేవారు. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. చేరిన మొదటి రోజే మరాఠీలో ఒక మాట చెప్పారు: "దిస్తం తే లిహా. వాటతం తే లిహూ నకా." కనబడింది రాయి, అనిపించింది రాయకు. నేను బుద్ధిగా తల ఊపాను. చాలా తేలిక అనుకున్నాను.

మా పరీక్షశాల పాత ఊళ్లో ఒక అద్దె ఇల్లు. ముందు గదిలో సాబ్ బల్ల, వెనక గదిలో ట్రేలు, ఆ వెనక చిన్న పెరడు. పెరటి గోడకు అవతల పుట్నాలు, పేలాలు వేయించే భట్టీ. పొద్దున్నే కందికట్టె, పల్లికాయ పొట్టు పోసి మంట పెట్టేవాళ్లు. వాడిన ఇసుకను కడిగి, ఓవెన్‌లో కాల్చి మళ్లీ వాడాలన్నది మా నియమం. నేను చేరేనాటికే ఓవెన్ చెడిపోయి ఉంది. బాగుచేయించమని పైకి రాశారు, ఎవరూ రాలేదు. ఇసుకను కడిగి పెరట్లో అరుగు మీద ఆరబోసేవాళ్లం. ఆ సంగతి సాబ్‌కూ తెలుసు, నాకూ తెలుసు. నాందేడ్ ఎండ చాలదా అనుకున్నాం.

నర్సవ్వ తెచ్చిన విత్తనం

హిమాయత్‌నగర్ అవతల, తెలుగు నేల సరిహద్దుకు దగ్గరగా ఒక ఊరు. పేరు రాయను. ఆ ఊరి మీద ఒక బోడి గుట్ట ఉంది. వాన పడినప్పుడల్లా గుట్ట మీది మొరం కిందికి దిగి పత్తి చేన్లలో పడేది. ఏటేటా రెండు సాళ్లు, మూడు సాళ్లు రాళ్లపాలు అయ్యేవి. ఆ గుట్ట మీద కుసళి గడ్డి చల్లాలని పథకంలో నిర్ణయించారు. కుసళి అంటే చీర కుచ్చిళ్లకు గుచ్చుకునే ముల్లుగింజల గడ్డి. నడిచేవాళ్లు దాన్ని తిట్టుకుంటారు గాని, రాళ్ల సందుల్లో కూడా వేరు దించి మట్టిని పట్టుకుంటుంది. చుట్టుపక్కల గుట్టల మీద తనంతట తానే పెరుగుతుంది.

విత్తనం సేకరించడానికి పన్నెండు మంది ఆడవాళ్లు ముందుకొచ్చారు. వాళ్లకు పెద్ద నర్సవ్వ. నలభై అయిదేళ్లుంటాయేమో. గడ్డి కోసి మోపులు అమ్మి బతికిన మనిషి, ఏ గడ్డి ఏ నెలలో గింజ పడుతుందో మా పుస్తకాల కన్నా ఆమెకు బాగా తెలుసు. అసలు కష్టం విత్తనంతో కాదు, ఊరితో. గడ్డి నిలదొక్కుకోవాలంటే రెండు వానాకాలాలు గైరాన్‌లోకి పశువులను తోలకూడదు. ఇల్లిల్లూ తిరిగి ఊరిని ఒప్పించింది నర్సవ్వే. ముందు తన మేకలనే అమ్మేసింది. మొగుడు గంగారాం వద్దన్నా వినలేదని తర్వాత తెలిసింది.

దీపావళి పోయిన తర్వాత ఏడు సంచుల గింజ పోగుచేశారు. నియమం ప్రకారం మాలో ఒకరం వెళ్లి, ప్రతి సంచిలోనుంచీ పిడికెడు తీసి నమూనా కట్టుకోవాలి. జీపు లేదు. నమూనా ఆమెనే పట్టుకు రమ్మని కబురు చేశాం. సంచులు హిమాయత్‌నగర్ గోదాముకు పోయాయి. నర్సవ్వ కొంగున చిన్న మూట కట్టుకుని నాందేడ్ బస్సెక్కి వచ్చింది.

"ముదిరినంక దూసినం బాయీ. పచ్చిది ఒక్క గింజ లేదు. సూడు," అని మూట విప్పి నా అరచేతిలో పోసింది.

జనవరిలో పరీక్ష పెట్టాను. ట్రేలో సగానికి పైగా మొలిచాయి. కుసళికి అది చాలా మంచి ఫలితం. విత్తడానికి యోగ్యం అని రాసి పంపాను.

మృగశిర కార్తెలో చల్లారు. గింజ పట్టడానికని గుట్ట పైపొరను గీరి గుల్ల చేశారు. వానలు సమయానికే పడ్డాయి. ఒక్క మొలక రాలేదు. ఇరవై రోజులు చూశారు, నెల చూశారు. శ్రావణంలో పెద్దవాన కొట్టింది. గీరి వదిలేసిన గుట్ట, గడ్డి లేక, మునుపెన్నడూ లేనంతగా జారింది. నర్సవ్వ బావగారు, అంటే గంగారాం అన్న లింగన్న, ఆయన చేను గుట్టకు సరిగ్గా కింద ఉంది. పూతకొచ్చిన పత్తి మీద పిక్కల లోతు మొరం పడింది.

నేను రాసిన వాక్యం

గడ్డి ఎందుకు మొలవలేదో సంజాయిషీ ఇవ్వమని పై నుంచి కాగితం వచ్చింది. ఇనాందార్ సాబ్ నన్ను పిలిచారు.

"లెక్క తప్పిందా?"

"లేదు సాబ్. రెండుసార్లు లెక్కపెట్టిన."

"మరి?"

నేను ఆలోచించాను. నా ట్రే అబద్ధం చెప్పదు అన్న నమ్మకం నాది. ట్రేలో మొలిచింది, గుట్ట మీద మొలవలేదు. అయితే రెండూ ఒకే విత్తనం కావు. ఇంతకన్నా సూటిగా ఏముంటుంది? ఆ మాటే చెప్పాను. "రాయి" అన్నారు సాబ్. నేను మరాఠీలో రాశాను: నమూనాగా ఇచ్చిన విత్తనం మంచిది, సంచుల్లో నింపినది అదే విత్తనం కాదని అనుమానించవలసి ఉంది. సాబ్ సంతకం పెట్టారు.

అనుమానించవలసి ఉంది. అనిపించింది రాయకు అని నాకు నేర్పిన మనిషి ఎదురుగానే నిలబడి, నాకు అనిపించింది రాశాను.

ఏడు సంచుల్లో ఆరే చల్లారు. ఏడోది ఇంకా హిమాయత్‌నగర్ గోదాములోనే ఉందని నాకు తెలుసు. బస్సెక్కితే పూట ప్రయాణం. రాసేముందు వెళ్లి ఆ సంచి మూతి విప్పి చూడాలని నాకు తోచలేదు. మీరు నన్ను దేనికైనా తిట్టదలచుకుంటే దీనికి తిట్టండి.

వినాయక నిమజ్జనం అయిన మర్నాడు, ఎండ మిటమిటలాడుతుండగా నర్సవ్వ ఒక్కతే వచ్చింది. లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడింది.

"నేను కల్తీ జేసిన్నని రాసినవంట గదా బాయీ?"

"నీ పేరు రాయలే నర్సవ్వా. సంచుల గురించి రాసిన."

"సంచులు కుట్టింది నేనే గదా. ఇంకెవల పేరు రాస్తవు?"

ఆమె కొంగుముడి విప్పింది. అందులో గుప్పెడు గింజలున్నాయి.

"ఇగో, గదే గుట్టయి, సల్లంగ మిగిలినయి. నా ముంగట ఇసుకల వెట్టు. మొలుస్తయో లేదో నేను గీన్నే కూసుండి సూస్త."

"రెండు వారాలు పడ్తది. బయటోళ్లు లోపలికి రావద్దని రూల్ ఉన్నది."

"నల్ల కాడికి పోతే బిందెలు పక్కకు జరుపుకుంటున్నరు. మా బావ మాట్లాడ్తలేడు. మ్యాకలమ్మినవని ఇంట్ల మొగడు తిడుతుండు. నేనేం తప్పు జేసిన్నో నాకన్న తెల్వాలె గదా?"

"పైకి రాసింది పోయింది. ఇప్పుడు నా చేతుల లేదు నర్సవ్వా."

ఆమె గింజలు మళ్లీ కొంగున కట్టుకుంది. మంచినీళ్లిస్తే తీసుకోలేదు. ఆ తర్వాత విత్తనం పని ఆమె నుంచి తీసేశారు. ఆమెతోపాటు మిగతా పదకొండు మందికీ పోయింది. ఆ చలికాలం నర్సవ్వ, గంగారాం చెరుకు కొట్టే ముఠాతో పడమటి జిల్లాలకు వెళ్లిపోయారు. అంతకుముందు వాళ్లెప్పుడూ వలస పోలేదట.

భట్టీ మూతపడ్డప్పుడు

అదే చలికాలం ఇంకో ఊరి నుంచి, ఇంకో గుట్ట నుంచి కుసళి విత్తనం వచ్చింది. ఈసారి సంచులు తెప్పించి నమూనా నేనే తీశాను. ట్రేలు పెట్టాను. వారం గడిచింది, రెండో వారం గడిచింది. వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని మొలిచాయి, అంతే. మా కచేరీలో కొందరు ఇదీ దొంగ విత్తనమే అన్నారు. నేనూ ఒక రోజు అలాగే అనుకున్నాను.

మళ్లీ పెడదామని ఇసుక తడుపుతున్నాను. ఏదో తక్కువైనట్టు అనిపించింది. ఏమిటా అని చాలాసేపు తెలియలేదు. తర్వాత తెలిసింది, వాసన. మా ఇసుకలో నీళ్లు పోయగానే ఎప్పుడూ ఒక చేదు వాసన వచ్చేది. చేరిన కొత్తలో గమనించే ఉంటాను. తర్వాత అది గది వాసన అనుకుని మర్చిపోయాను. ఆ రోజు అది లేదు.

పెరట్లోకి వెళ్లి నిలబడ్డాను. గోడ అవతల చప్పుడు లేదు. భట్టీవాళ్ల అన్నదమ్ములు పంపకాల గొడవలో పడి రెండు నెలలుగా దుకాణం మూసేశారు. పొగ లేదు. అరుగు మీద నా ఇసుక తడితడిగా ఆరుతోంది.

అప్పుడు తట్టింది. ఇన్నేళ్లూ తడి ఇసుక ఆ పొగను పీల్చుకుంటూ ఆరింది. ఆ ఇసుకలో నేను గింజలు పెట్టాను.

అయినా ఇదీ అనిపించినదే, కనబడినది కాదు. ఈసారి తొందరపడలేదు. హోలీ నాటికి భట్టీ మళ్లీ తెరిచారు. సగం ఇసుక పెరట్లోనే ఆరబోశాను. సగం సంచికెత్తి ఆటోలో మా ఇంటికి తీసుకెళ్లి మిద్దె మీద ఆరబెట్టాను. అదే విత్తనం, అదే రోజు, అవే ట్రేలు. పెరటి ఇసుకలో సగానికి పైగా మొలిచాయి. మా ఇంటి ఇసుకలో అక్కడొకటి ఇక్కడొకటి. ట్రేల చోటు మార్చి మళ్లీ పెట్టాను. అదే ఫలితం. మూడోసారి కూడా లెక్కపెట్టి చూశాను.

ఆ వారం సెలవు పెట్టి హిమాయత్‌నగర్ వెళ్లాను. గోదాములో ఎరువుల బస్తాల వెనక ఏడో సంచి ఉంది. నర్సవ్వ కుట్టిన కుట్టు కుట్టినట్టే ఉంది. విప్పి చేయి పెట్టాను. నిండైన, ముదురు గింజలు. ఆమె నా అరచేతిలో పోసినవాటికి, వీటికి ఏ తేడా లేదు. ఆ గోదాములో గోధుమరంగు ధూళిలో కూర్చుని ఏడ్చాను.

ఆ గింజను తెచ్చి పొగ తగలని ఇసుకలో పెట్టాను. చక్కగా మొలిచింది. ఏడాది పాతబడింది కదా. అప్పటికి విషయం తేలిపోయింది. కుసళి గింజ రాలిన ఏడాది నిద్రపోతుంది. ఏడాది ఆగితే దానంతట అదే లేస్తుంది. అంతకుముందే లేపాలంటే పొగ కావాలి. మా ట్రేలో పొగ ఉంది, గుట్ట మీద లేదు. నర్సవ్వ విత్తనంలో ఏ దోషమూ లేదు.

సాబ్ బల్ల మీద

అన్నీ రాసి ఇనాందార్ సాబ్ ముందు పెట్టాను. ఆయన చదివి, బోర్లించి, పైన పేపర్‌వెయిట్ పెట్టారు. మూడు రోజులు అది అలాగే ఉంది. నాలుగో రోజు నేనే అడిగాను.

"దీని అర్థం ఏమిటో తెలుసా నీకు?" అన్నారు మరాఠీలో. "ఈ గది నుంచి ఇన్నేళ్లలో వెళ్లిన ప్రతి గడ్డి రిపోర్టూ తప్పు కావచ్చు."

"అన్నీ కావు సాబ్. కొన్ని గడ్లకు పొగతో తేడా లేదు. పెట్టి చూసిన."

"ఎన్నింటికి తేడా ఉంది?"

"తెల్వది."

"తెలియదు అని పైకి రాయమంటావా?"

"తెల్వనప్పుడు అదే రాయాలె గదా సాబ్."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. రిటైర్మెంట్‌కు ఇంకా రెండేళ్లుంది ఆయనకు. భయపడ్డారు. నేను దాచను, మూడు రోజులు ఆయన భయపడ్డారు. నేర్పిన మాట మీద నిలబడటం నేర్పినవాళ్లకు కూడా కష్టమే. చివరికి అడిగారు: "త్యా బాయీచం నావ్ కాయ్?"

ఆమె పేరేమిటి అని. ఆమె బతుకును తలకిందులు చేసిన కాగితం మీద సంతకం పెట్టిన మనిషికి ఆమె పేరు తెలియదు. నేను చెప్పాను. ఆయన ఆ పేరుతోనే మొదలుపెట్టి ఉత్తరం తన చేత్తో రాశారు. తప్పు పరీక్షశాలదని, నమూనా తీయడంలోనూ, ఇసుక కాల్చడంలోనూ నియమం పాటించలేదని రాసి, ముందు తన సంతకం పెట్టారు. కింద నేను పెట్టాను. మా ఇద్దరికీ మెమోలు వచ్చాయి. ఇన్నేళ్లు బాగుపడని ఓవెన్ మాత్రం వారం రోజుల్లో బాగుపడింది.

చావిడి దగ్గర

మే నెల. చెరుకు పని అయిపోయి నర్సవ్వ ఊరికి తిరిగొచ్చిందని తెలిసి వెళ్లాను. ఆమె ఇంటి ముందు కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. మనిషి సగమైంది. చేతుల నిండా చెరుకు ఆకు కోసిన గీతలు. నేను జరిగిందంతా చెప్పాను. తల ఎత్తకుండా విన్నది.

"తప్పు మాదేనని కాయిదం తెచ్చిన నర్సవ్వా. సాబ్ సంతకమున్నది."

"కాయిదం నేనేం జేస్కోవాలె బాయీ? నాకు సదువస్తదా? ఊరందరి ముంగట నన్ను దొంగన్నరు. ఊరందరి ముంగట జెప్పు."

సాయంత్రం చావిడి దగ్గర ముప్పై మంది దాకా పోగయ్యారు. మిగతా పదకొండు మంది ఆడవాళ్లూ ఒక పక్కన ఉన్నారు. నర్సవ్వ వాళ్లకు ఎడంగా, ఒంటరిగా కూర్చుంది. నేను నిలబడి చెప్పాను. ఆమె గింజ మంచిదే. ఆమె మీద రాసింది నేనే. చూడకుండా రాసిన. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన రెండు ట్రేలూ వాళ్ల ముందు పెట్టాను. ఒకటి పచ్చగా, ఇంకొకటి దాదాపు ఖాళీగా.

"గీ రెండిట్ల ఒక్కటే గింజ. గీ ఇసుకకు పొగ పట్టింది, గా ఇసుకకు పట్టలే. గంతే తేడా."

"అయితే గుట్టకు ఊదుబత్తులు ముట్టియ్యాల్నా?" అన్నారెవరో. నవ్వారు. లింగన్న నవ్వలేదు.

"మరి నా చేను సంగతేంది?" అన్నాడు. "నీ లెక్క తప్పిందని ఇయ్యాల జెప్పినవు, సరే. నా చేన్ల పడ్డ మొరం ఎవలెత్తుతరు?"

"నేను ఎత్తలేను అన్నా," అన్నాను.

ఆయన తలపాగా సర్దుకుని, మరదలి కేసి ఒకసారి చూసి, లేచి వెళ్లిపోయాడు. జనం కూడా ఒక్కొక్కరే లేచారు. అప్పుడు ఆ పదకొండు మందిలో ఒకామె లేచి వచ్చి నర్సవ్వ పక్కన కూర్చుంది. నేను ఆ ఊరు వెళ్లినందుకు జరిగిన మేలు, నా కళ్లతో చూసినంతవరకు, అదొక్కటే.

పొగ గురించి నాకు తెలిసినంత

ఆ తర్వాత వ్యవసాయ యూనివర్సిటీ లైబ్రరీలో చదివాను. కార్చిచ్చులు వచ్చే దేశాల్లో ఈ సంగతి మనకన్నా ముందే పట్టుకున్నారు. మంట వేడి కాదు, బూడిద కాదు, పొగలో ఉండే ఏదో పదార్థం నీటిలో కరిగి, తడి మట్టికి పట్టి, గింజను లేపుతుంది. చాలా కొంచెం చాలు.

ఆ కొంచెం ఎంతో నేను ఇంకో తప్పు చేసి తెలుసుకున్నాను. ఆ ఏడు దీపావళి తర్వాత ఆ ఊరి ఆడవాళ్లే మళ్లీ విత్తనం పోగుచేశారు. ఒక గుడిసె మూసి, తడిపిన గింజను గోనెపట్టాల మీద పరిచి, పచ్చిగడ్డి, కందికట్టె రగిల్చి పొగ పెట్టాం. ఎక్కువైతే ఇంకా మంచిదని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పెట్టించాను. ఆ గింజ చచ్చింది. ఈసారి గుట్టకు పంపేముందు ట్రేలో చూశాం గనుక ఒక సంచితో పోయింది. తర్వాత గంట సేపు పెట్టి తీసేస్తే సరిపోయింది.

పొగ అన్నిటికీ మందు కాదు. కొన్ని గడ్లకు ఏమీ చేయదు. గట్టి పెంకు గింజలకు వేడినీళ్లు కావాలి, పొగ కాదు. పొగ మంచిదన్నారు కదా అని గుట్టకు నిప్పు పెట్టేవాళ్లున్నారు. పెట్టకండి. చిన్న మొక్కలు, పిట్ట గూళ్లు మాడిపోతాయి, మట్టి మళ్లీ బోడిది అవుతుంది. గుడిసెలో రాజేసిన గంటెడు పొగ వేరు, గుట్ట మీద నిప్పు వేరు.

గుట్ట సంగతి. ఆ మరుసటి వానాకాలం నాటికి రెండు రకాలుగా గడ్డి వచ్చింది. మేము పొగ పెట్టి చల్లింది కింది భాగంలో మొలిచింది. ఈసారి మేము చల్లని చోట కూడా, రాళ్ల అడుగున, కొట్టుకుపోకుండా చిక్కుకున్న చోట మొలకలు వచ్చాయి. అవి మొదటి ఏడు నర్సవ్వ విత్తనాలే. నిద్ర తీరి లేచాయి. పై భాగం మాత్రం ఎప్పటికీ పచ్చబడలేదు. అక్కడ మట్టి ఆ శ్రావణంలోనే పోయింది. రాతికి పొగ పెట్టినా మొలవదు.

పరీక్షశాలకు కొత్తగా వచ్చేవాళ్లకు ఇంతే చెబుతాను. మీ గది కూడా పరీక్షలో భాగమే. గోడ అవతల ఎవరేం కాలుస్తున్నారో, ఇసుక ఎక్కడ ఆరుతోందో, నీళ్లు ఏ బావివో తెలుసుకోండి. మీ లెక్కా పొలమూ వేరువేరుగా మాట్లాడితే ముందు మీ లెక్కనే అనుమానించండి. పొలంలో నిలబడ్డ మనిషిని చివర అనుమానించండి. ఎవరైనా నా ముందు పెట్టి చూపించు అని అడిగితే, రూలు అడ్డమొస్తే, సాబ్‌ను అడిగి ఆ రూలు పక్కన పెట్టించండి. నేనది చేసి ఉంటే, నర్సవ్వ గింజ ట్రేలో మొలిచి, అనుమానం మా గది మీదికే తిరిగేది; భట్టీ మూతపడేదాకా ఆగవలసిన పని ఉండేది కాదు.

బస్టాండ్‌లో

విత్తనం పని మళ్లీ మొదలైనప్పుడు నర్సవ్వను పిలిచారు. ఆమె రాలేదు. నేను కబురు పంపినా రాలేదు. మిగతా ఆడవాళ్లు ఆమెను అడిగి అడిగి మానేశారు.

అయిదారేళ్ల తర్వాత ఒకసారి పని మీద వెళ్లి తిరిగొస్తూ హిమాయత్‌నగర్ బస్టాండ్‌లో ఆమెను చూశాను. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి పక్కకు జరిగి చోటిచ్చింది. బిడ్డకు పురుడొచ్చిందని నాందేడ్ పోతోంది.

"గుట్ట మీద గడ్డి మంచిగున్నదా?" అని అడిగాను.

"నడుమ దాంక ఉన్నది బాయీ. మోపులు కోస్తున్నరు."

"లింగన్న చేను?"

"సగం మొరం ఎత్తిన్రు. సగం గట్లనే ఉన్నది."

"నువ్వు ఇత్తనాల పనికి ఎందుకు రావు నర్సవ్వా? నీకు తెలిసినంత ఎవలకు తెల్వదు."

"బుద్ధి పుడ్తలేదు."

అడగకూడదనుకుంటూనే అడిగాను.

"నా మీద ఇంక కోపమున్నదా?"

ఆమె నిజంగానే ఆలోచించింది.

"కోపం లేదు. నువ్వు అచ్చి ఊర్లె జెప్పినవు, గట్ల ఎవలు జెప్తరు? గని ఆ యాడాది నేను ఎవల మొకం సూడకుంట బతికిన బాయీ. గది నువ్వు జెప్పినా మళ్ల రాదు గదా."

నాందేడ్ బస్సు వచ్చింది. ఆమె మూట చంకన పెట్టుకుని ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, కొంగు తలమీదికి లాక్కుంది. నేను ఎక్కవలసింది కూడా ఆ బస్సే. బెంచీ మీదే కూర్చుండిపోయి, తర్వాతి బస్సులో వెళ్లాను.